వెనక అట్ట మందం

తాతయ్యను సమాధి చేసి పది రోజులు తిరగకముందే ఆ ఇంట్లో అందరూ ఒకరినొకరు ఓరకంట చూసుకోవడం మొదలుపెట్టారు. కారణం చూడబోతే ఒక దారం ఉండ.

పెట్టెను గుంటలోకి దించే ముందు అందరూ వరసగా వచ్చి పూలు పెట్టారు. ఆ వరస చివర, ఊళ్ళో అందరూ బొమ్మలామె అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆమె చేతిలో పూలు లేవు. మైనం రుద్దిన తెల్లదారం ఉండ ఒకటి పెట్టె మీద పెట్టి, ఎవరినీ పలకరించకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అంతే. కాని అన్ని పూలలోనూ పెద్దత్త కంట్లో పడింది ఆ దారమే.

ఇంట్లో అడుగు పెడుతూనే అందుకుంది.

"చూశావా అన్నయ్యా, దాని ధైర్యం? ముప్పై ఏళ్ళ కిందట నాన్న చేతికి దొరికిన దొంగ. అది నాన్న పెట్టె మీద దారం పెట్టడమేంటి?"

పెదనాన్న చర్చి సంఘంలో పెద్ద. మెల్లగా మాట్లాడితే మాటకు బరువొస్తుందని ఆయన నమ్మకం. "పోయినవాళ్ళకి ఎవరేం పెడితే మనకేంటి? ఊరుకో."

"ఊరుకుంటాను. మరి శనివారాల సంగతి?"

శనివారాల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కాని ఎవరికీ ఏమీ తెలియదు. పద్నాలుగేళ్ళుగా తాతయ్య ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి గుడ్డసంచి ఒకటి చంకన పెట్టుకుని బయలుదేరేవాడు. ఆరింటికి, ప్రార్థన వేళకు, ఇంట్లో ఉండేవాడు. ఎక్కడికని అడిగితే "పనుంది" అనేవాడు. ఏం పనంటే "నా పని" అనేవాడు. అబద్ధం ఆడకూడదని పట్టుదల ఉన్న మనిషి కనుక, అంతకు మించి పెదవి విప్పేవాడు కాదు.

నాయనమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అంతా విన్నది. ఆ రోజంతా ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. అయినా మాట మాత్రం తడబడలేదు.

"రెండు వారాల్లో ఆయన జ్ఞాపకార్థ కూడిక. నన్ను తీసుకెళ్ళి ముందు బెంచీలో కూర్చోబెడతారు. ఆ శనివారాలు ఎక్కడ గడిపాడో తెలియకుండా నేనక్కడ కూర్చోను. జ్వరమని చెప్పండి."

"నువ్వు కూడానా అమ్మా?" అన్నాడు పెదనాన్న.

"నేనే ముందు. మీకు ఆయన తండ్రి. నాకు మొగుడు."

కూడికలో చదవడానికి తాతయ్య జీవితం రెండు పేజీలకు మించకుండా రాసివ్వమని పాస్టరు గారు కబురు పెట్టారు. పెదనాన్న చదవాలి. రాసే పని మనవరాలి మీద పడింది. ఆమె అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, పైగా కాదనడం ఆమెకు చేతకాదు. ఇంట్లో ఆమెను పిల్లి అంటారు. నడిస్తే చప్పుడు వినబడదు, మాట్లాడితే అసలే వినబడదు. తొమ్మిదో తరగతిలో ఉండగా తాతయ్య కళ్ళకు పొరలు కమ్మితే, బడి మాని ఆయన బల్ల దగ్గర కూర్చుంది. ఏడేళ్ళు ఆయన చేతులు చూస్తూ పని నేర్చుకుంది. అందుకే తాతయ్య జీవితం రాయమంటే ఆమెకు ముందు ఆయన చేతులే గుర్తొచ్చాయి.

తాతయ్య పుస్తకాలు బైండు చేసేవాడు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే ఒక అచ్చాఫీసులో నేల ఊడ్చే పనికి కుదిరాడు. బడి మొహం చూడలేదు. నేల మీద పడ్డ కాగితాల మీద అక్షరాలు పట్టుకున్నాడు. తర్వాత ఫారాలు మడిచే పనిచ్చారు. పదహారు పేజీలు ఒక ఫారం. మడుస్తూ చదివేవాడు. ఒక ఫారం ఇవాళ, ఒకటి ఎల్లుండి, మధ్యది ఇంకెవరి బల్ల మీదో. అందుకే ఆయనకు చాలా కథల మొదళ్ళు తెలుసు, చివరలు తెలుసు, మధ్య మాత్రం తెలియదు. "రాజకుమారుడు అడవిలో తప్పిపోయాడు, ఆ తర్వాత పెళ్ళయింది" అని చెప్పేవాడు పిల్లలకు. మధ్యలో ఏమైందని అడిగితే, "మధ్యది వేరేవాళ్ళు మడిచారు" అనేవాడు.

మొదటి నుంచి చివరిదాకా ఆయన వరసగా చదివింది బైబిలు ఒక్కటే. పెళ్ళయి, సొంత ఇంటి ముందుగదిలో బల్ల వేసుకున్న తర్వాత దాన్ని స్వయంగా బైండు చేసుకున్నాడు. నల్ల కాలికో గుడ్డ, ఎర్ర అంచు. పొద్దున ఐదింటికీ సాయంత్రం ఆరింటికీ బల్ల మీద మూడుసార్లు తట్టేవాడు. ఆ చప్పుడు వింటే ఎవరి చేతిలో ఏముంటే అది కింద పెట్టి మోకాళ్ళూనాలి. పుస్తకాల కోసం వచ్చినవాళ్ళకూ మినహాయింపు లేదు. ఒకసారి పన్నుల ఆఫీసరు రసీదు పుస్తకాల కోసం సరిగ్గా ఆరింటికి వచ్చాడు. ఆయన్నీ మోకాళ్ళ మీదే ఉంచి, లోకంలోని రోగులందరి కోసం ప్రార్థన చేశాడు తాతయ్య. ఆఫీసరు లేచి మోకాలు రుద్దుకుంటూ, "ఈసారి మనిషిని పంపిస్తానండీ" అన్నాడు. వీధిలో ఆయన్ని జిగురయ్య అనేవారు. చేతికి అంటుకున్న జిగురు చూసి పెట్టిన పేరో, పట్టుకుంటే వదలని గుణం చూసి పెట్టిన పేరో, రెండూ అతికాయి.

ఇదంతా మనవరాలు సులువుగానే రాసింది. ఒక్క విషయం దగ్గర కలం ఆగింది. ఇంట్లో పిల్లలచేత వంతులవారీగా బైబిల్లోని పది ఆజ్ఞలు చదివించేవాడు తాతయ్య. ఎనిమిదోది కాగానే దగ్గి, "చాలు, ప్రార్థన చేద్దాం" అనేవాడు. ఎప్పుడూ ఎనిమిదే. ఆదివారపు బడిలో ఆజ్ఞలెన్ని అని అడిగితే, "మా ఇంట్లో ఎనిమిదండీ" అని చెప్పి ఆమె నవ్వులపాలైంది కూడా. తొమ్మిదోది అబద్ధ సాక్ష్యం గురించి. నలుగురు పిల్లల్ని, తొమ్మిదిమంది మనవల్ని బైబిలుతో పెంచిన మనిషి ఆ ఒక్కచోట ఎందుకు దగ్గేవాడు?

పెద్దత్తకు ఆమె ఆ మాట చెప్పలేదు. చెబితే రేపటికల్లా వీధి చివర వినబడుతుంది.

బొమ్మలామె కథ ఇంట్లో అందరూ ఒకేలా చెప్పేవారు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఆమె తాతయ్య దగ్గర ఫారాలు కుట్టేది. ఆమె కుట్టిన పుస్తకం ఎక్కడ తెరిచినా అరచేతిలా పరుచుకునేది. అప్పుడే చర్చిలో పాస్టరు గారి బల్ల మీద ఉండే పెద్ద బైబిలు బైండింగుకు వచ్చింది. అందులో దళసరి కాగితం మీద ఎనిమిది రంగుల బొమ్మలుండేవి. పుస్తకం చర్చికి తిరిగి వెళ్ళేసరికి బొమ్మలు లేవు. ముందుగదిలో పనిచేసేది ఇద్దరే. తను తియ్యలేదని తాతయ్యకు తెలుసు. కాబట్టి తీసింది ఆమె. సంఘం ముందు నిలబడి ఆ మాటే చెప్పాడు. జిగురయ్య అబద్ధమాడడని అందరికీ తెలుసు. "నేను తియ్యలేదు" అని ఆమె ఒక్కసారే అంది.

పోలీసుల్ని ఎవరూ పిలవలేదు. చర్చికి రావద్దని ఎవరూ అనలేదు. ఆమె వచ్చి కూర్చుంటే పక్కవాళ్ళు చేతిసంచులు ఒళ్ళోకి తీసుకునేవారు, అంతే. బెంచీ తర్వాత బెంచీ వెనక్కి జరిగి, చివరికి గోడకు ఆనుకుని ఉన్న బెంచీకి చేరింది. అసలు పేరు పోయి బొమ్మలామె మిగిలింది.

కూడిక ఇంకా ఎనిమిది రోజులుందనగా నాయనమ్మ మనవరాలిని పిలిచింది. "బైబిలు మొదటి పేజీలో పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ తేదీలుంటాయి. ఆయన తేదీ రాసిపెట్టు. నా చెయ్యి వణుకుతోంది."

ఆ బైబిలును తాతయ్య ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఒళ్ళో పెట్టుకుని తేదీ రాసి, మూస్తున్నప్పుడు మనవరాలి వేళ్ళు ఆగిపోయాయి. వెనక అట్ట ముందు అట్టకన్నా మందంగా ఉంది. ఎక్కువ కాదు, గోరంత. ఇంకెవరికీ తెలియదు. కాని తాతయ్య చేసిన పుస్తకానికి రెండు అట్టలూ ఎప్పుడూ ఒకే మందం. గోరంత తేడా వస్తే పీకేసి మళ్ళీ చేయించేవాడు.

అట్ట లోపలి కాగితం అంచును గోటితో తడిమి చూసింది. తడి చేసిన వేలు ఆనిస్తే మెత్తబడింది. అంటే మైదా జిగురు. తాతయ్య దగ్గర రెండు గిన్నెలుండేవి. ఒకదాంట్లో మైదా కాచిన జిగురు, రెండోదాంట్లో వడ్రంగులు వాడే బంక. ఎన్నోసార్లు చెప్పాడు: "ఎవరో ఒకరు విప్పాల్సిన చోట మైదా. ఎవరూ విప్పకూడని చోట బంక." అట్టలకు ఆయన ఎప్పుడూ వాడేది బంకే.

ఆమె పుస్తకాన్ని వంటగదిలోకి తీసుకెళ్ళింది. తడిగుడ్డ పరిచి, కాసేపు ఆగి, పల్చటి కత్తితో కాగితం లేపుతుంటే పెద్దత్త గుమ్మంలో నిలబడింది.

"ఏముందే పిల్లీ అందులో? ఉత్తరాలా?"

"తెలీదత్తా."

"ఉత్తరాలే. నాకు తెలుసు. అమ్మని పిలుస్తానుండు."

అందరూ వచ్చారు. అట్టలోంచి వచ్చింది తెల్లకాగితం చుట్టిన ఒక పొట్లం. అందులో ఎనిమిది బొమ్మలు, రంగులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. పొట్లం కాగితం లోపలివైపు తాతయ్య రాత. మనవరాలు చదివింది. ఆమె గొంతు ఎవరికీ వినబడకపోతే పెదనాన్న కాగితం లాక్కుని తనే చదివాడు.

"ఈ బొమ్మలు ఆమె తియ్యలేదు. ఆ రోజుల్లో మంచి అట్ట దొరక్క, రద్దు కాగితాలు అంటించి నేనే అట్టలు చేసేవాణ్ణి. వీటికి జిగురు అంటకూడదని పొట్లం కట్టి పక్కన పెట్టాను. ఆరు కొట్టింది. ప్రార్థన వేళ దాటిపోతుందని తొందరలో రద్దు కాగితాలతో పాటు పొట్లాన్నీ నా సొంత బైబిలు అట్టలో పెట్టి అంటించాను. పైకప్పు కారి అట్ట నానిన ఏడాది బయటపడ్డాయి. సంఘం ముందు చెప్పడానికి నోరు రాలేదు. మళ్ళీ ఇందులోనే పెడుతున్నాను. విప్పినవాళ్ళు చదవండి."

దాని కింద పెన్సిలుతో, చూపు తగ్గాక రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు: "శనివారం శనివారం ఆమె దగ్గరికి వెళ్తున్నాను. ఇంకా చెప్పలేదు."

అందరికన్నా ముందు పెద్దత్తే తేరుకుంది. "రాత నాన్నదేనా? సరిగ్గా చూడు. అయినా క్షమించమనడానికి మూడు నిమిషాలు చాలు. మూడు గంటలు ఏం చేసేవాడు?"

నాయనమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "ఇంకో ఆడదయితే వెళ్ళి జుట్టు పట్టుకుని అడిగేదాన్ని" అంది. "ఇప్పుడు ఎవరి జుట్టు పట్టుకోను?"

పెదనాన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఇది బయటికి పోదు. నాన్న దేవుడికి చెప్పుకునే ఉంటాడు. అది చాలు. ఆయన మంచిపేరు ఈ ఇంటికి గోడలాంటిది. పిల్లీ, నువ్వు రాసిన రెండు పేజీలు బాగున్నాయి. వాటినే చదువుతాను."

మనవరాలు వేళ్ళకంటిన జిగురు గోటితో గీకింది. తర్వాత అంది, "దేవుడు ఆమెని దొంగనుకోలేదు కదా పెదనాన్నా. అనుకున్నది మనం."

ఆమె నోట అంత పొడుగు మాట వాళ్ళెవరూ విని ఉండలేదు. పెదనాన్న మొహం ఎర్రబడింది. "అయితే నేను చదవను" అన్నాడు.

"రాసినవాళ్ళే చదువుతారు" అంది నాయనమ్మ. "కాని ముందు అత్త అడిగినదానికి జవాబు తీసుకురా. ఆ మూడు గంటల సంగతి."

శనివారం మూడింటికి తాతయ్య గుడ్డసంచిలో బొమ్మల పొట్లం పెట్టుకుని మనవరాలు బయలుదేరింది. ఊరి అవతలి కొసన, ఇస్త్రీ దుకాణం వెనక ఒంటిగది. తలుపు కొట్టకముందే తెరుచుకుంది.

"మూడున్నరయింది. ఇవాళో రేపో మీ ఇంటినుంచి ఎవరో ఒకరు వస్తారనుకున్నా" అంది బొమ్మలామె. "నువ్వు పిల్లివి కదూ? కూర్చో. అది మీ తాత కుర్చీయే."

కుర్చీ గడప బయట, వీధిలోకి ఉంది.

"పద్నాలుగేళ్ళు గడప దాటలేదు" అంది ఆమె. "వర్షమొస్తే గొడుగు వేసుకుని కూర్చునేవాడు. వీధి వీధంతా చూడాలన్నట్టు. ఇంటికెళ్ళి మీ నాయనమ్మకి చెప్పు, ఆవిడ నిద్రపోతుంది. ఇస్త్రీ అతన్ని కూడా అడగమను."

లోపల కిటికీ కింద కుట్టు చట్రం ఉంది. దాని మీద సగం కుట్టిన పాటల పుస్తకం. చర్చి పాటల పుస్తకం. మనవరాలు దగ్గరికెళ్ళి కుట్టు చూసింది. ఏడేళ్ళుగా ఆమెకు ఒక అనుమానం ఉండేది. కళ్ళు కనబడని తాతయ్య చర్చి పుస్తకాలను అంత చక్కగా ఎలా కుడుతున్నాడని. కుట్టిన ఫారాలు సోమవారం పొద్దున బల్ల మీద సిద్ధంగా ఉండేవి. అట్టలు వెయ్యడమే ఆమె పని.

"ఇవన్నీ మీరా?"

"మరి? మీరంతా చేత్తో పట్టుకుని పాడేవి నేను కుట్టినవే. ముందు బెంచీవాళ్ళు కూడా." ఆమె నవ్వింది, పళ్ళు కనబడకుండా. "దొంగ అనుకున్నదాని ఇంటికి ఎవడైనా పని తెచ్చిస్తాడా? మొదటి శనివారమే తెలిసింది నాకు, బొమ్మలు దొరికాయని. ఎప్పుడు చెబుతాడా అని చూశాను. సంచి కింద పెట్టేవాడు. గొంతు సవరించుకునేవాడు. 'వానొచ్చేట్టుంది' అనేవాడు. మండుటెండలో కూడా అదే మాట. ఆ తర్వాత ఫారాలు మడుస్తూ కూర్చుని, ఐదున్నరకి లేచేవాడు."

"మీరు అడగొచ్చు కదా పెద్దమ్మా?"

"తియ్యలేదని నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పాల్సింది ఆయన."

మనవరాలు పొట్లం విప్పి బొమ్మలు చూపింది. బొమ్మలామె వాటిని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, ఒక్కొక్కటే చూసింది. ఎనిమిదీ చూశాక, "ఇంత చిన్నవా?" అంది. "నాకు ఇంకా పెద్దవని గుర్తు."

"ఆ రోజు దారం ఎందుకు పెట్టారు?"

"ఆయన తెచ్చిచ్చిన దారం. మిగిలింది, తిరిగిచ్చేశా. ఎవరి వస్తువూ నా దగ్గర ఉంచుకోను."

మనవరాలు అప్పుడు అసలు మాట అడిగింది. "రేపు చదవమంటారా? తాతయ్య రాసింది?"

"నన్నడుగుతావేం? నీ తాత, నీ నోరు." ఆమె సూదిలోకి దారం ఎక్కించింది, కళ్ళజోడు లేకుండానే. "చదువు. కాని నీ గొంతు ఈ గడప దాటేట్టు లేదు. నేను కూర్చునేది ఎక్కడో తెలుసుగా?"

"రేపు ముందుకి రండి. నాయనమ్మ పక్కన."

"ముప్పై ఏళ్ళు అక్కడ కూర్చున్నాను. మాటే అక్కడికి రావాలి."

ఆదివారం చర్చి నిండింది. నాయనమ్మ ముందు బెంచీలో కూర్చుంది. ఇస్త్రీ అతన్ని ముందురోజు సాయంత్రమే పెద్దత్త అడిగివచ్చింది, నాయనమ్మ చెప్పకుండానే. గొడుగు మాట నిజమేనట. పెదనాన్న నేల చూపులు చూస్తున్నాడు. మనవరాలు మైకు ముందుకెళ్ళింది. మైకు పెదనాన్న ఎత్తుకు పెట్టి ఉంది, దించమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

అచ్చాఫీసు సంగతి చదివింది. మధ్యలు లేని కథల సంగతి చదివితే ముందువరసల్లో నవ్వారు. పన్నుల ఆఫీసరు దగ్గర ఇంకాస్త నవ్వారు. రెండో పేజీ తిప్పింది. తాతయ్య రాసిన మాటలు అక్షరం మార్చకుండా, తలెత్తకుండా చదివేసింది. ముందు రెండు వరసల్లో కదలిక ఆగిపోయింది. పాస్టరు గారు తన బల్ల మీది పెద్ద బైబిలు వంక చూశారు. వెనక వరసల్లో మాత్రం విసనకర్రలు ఊగుతూనే ఉన్నాయి, ఎవరో పక్కవాళ్ళని "ఏమంటోంది?" అని అడుగుతున్నారు.

చివరి బెంచీనుంచి ఒక గొంతు వచ్చింది. కోపం లేదు అందులో, బతిమాలడమూ లేదు.

"వినబడలేదమ్మాయ్. మళ్ళీ చదువు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నాయనమ్మ తల కూడా. తిరిగి, కూర్చున్నచోటనుంచే మనవరాలికి చెయ్యి ఊపింది, కానియ్యమన్నట్టు.

మనవరాలు మైకు పక్కకు జరిగి నిలబడింది. కాగితం చూడనక్కర్లేదు, ఆ మాటలు కంఠతా వచ్చేశాయి. గోడకు ఆనుకుని ఉన్న బెంచీనే చూస్తూ, ఇంట్లో ఎన్నడూ అరవనంతగా గొంతెత్తింది.

"ఈ బొమ్మలు ఆమె తియ్యలేదు."

విసనకర్రలు ఆగాయి. ఆమె ఒక్కొక్క మాటా విడదీసి, పెన్సిలుతో రాసిన చివరి పంక్తిదాకా చెప్పింది. చివరి బెంచీలో బొమ్మలామె పక్కన కూర్చున్న ఆవిడ ఒళ్ళోని చేతిసంచిని తీసి మెల్లగా ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది.

బొమ్మలామె ఆ సంచి వంక కూడా చూడలేదు.

"ఆఁ" అంది. "ఇంక మిగతాది కానియ్."